కాలి ధమనికి గాయమైనదా?

లారీ ఢీకొని మోకాలి కీలు తప్పిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు అందరి దృష్టియు ఎముకమీదనే యుండును. ఎక్సురే ఫోటోలో ఎముక తెల్లగా కనిపించును. దాని వెనుకనే పోవు ధమని మాత్రము కనబడదు. రక్తమును, కండరమును ఎక్సురేలను ఇంచుమించు ఒకే పాళ్ళలో పీల్చుకొనును గదా! ఎముకను రేపు సరిచేసినను అతుకును. రక్తమందని కండరము సుమారు 6 గంటలు దాటిన పిమ్మట కోలుకొనుట కష్టము.

మోకాలి వెనుకనున్న ధమని కీలుకు పైనను క్రిందను బిగింపబడి యున్నది. కీలు తప్పినపుడు ప్రక్కకు జరుగుటకు వీలులేక అది సాగును. సైకిలు టైరు పైకి బాగుండియు లోపలి ట్యూబు చిరిగినట్లు, ధమని వెలుపలి పొర చెక్కుచెదరకుండగనే లోపలి పొర చిట్లవచ్చును. అప్పటికి పాదమున నాడి ఆడుచునే యుండును. కొన్ని గంటలకు చిట్లినచోట రక్తము గడ్డకట్టి దారి మూసికొనును. కనుక నాడి చేతికి తగిలినంత మాత్రమున నిశ్చింతగా నుండరాదు.

రెండవ ప్రపంచయుద్ధములో తెగిన ధమనిని ముడివేయుటయే ప్రధాన చికిత్స. ధమని గాయపడిన అమెరికను సైనికులలో దాదాపు సగముమందికి ఆ కాలో చేయో తీసివేయవలసి వచ్చెను. కొరియా యుద్ధములో (1950–53) ధమనిని కుట్టి అతుకుట అలవాటు కాగా ఈ నష్టము నూటికి 13కు దిగెను. అతుకుట చేతనైన తరువాత, ఎక్కడ అతుకవలెనో చూపు చిత్రమునకు విలువ పెరిగినది.

మొదటి పరీక్షకు చిత్రమే అక్కరలేదు. చీలమండవద్ద రక్తపు ఒత్తిడిని చేతివద్ద ఒత్తిడితో భాగింపగా 0.9 కంటె తక్కువ వచ్చినచో ధమనిని అనుమానింపవలెను.

ధమనిని కంటికి చూపునది అయొడిను. దాని పరమాణువులు బరువైనవి. ఎక్సురేలను బాగుగా అడ్డగించును. 1927లో పోర్చుగలు వైద్యుడు ఎగాస్ మోనిజ్ ఇట్టి మందుతో మెదడు ధమనులను చిత్రించెను. 1953లో స్వీడను వైద్యుడు సెల్డింగర్ సూదిగుండా తీగను, ఆ తీగమీదుగా సన్నని గొట్టమును ధమనిలోనికి పంపు ఉపాయమును ప్రకటించెను.

నేడు పెద్ద ఆసుపత్రులలో తరచు ముందుగా చేయునది సి.టి. స్కానింగు. దీనికి ధమనిని పొడవనక్కరలేదు. మందును చేతి సిరలోని కెక్కించిన చాలును. ఎక్సురే గొట్టము కాలిచుట్టు తిరుగుచుండగా కంప్యూటరు కొద్ది సెకండ్ల కొలతలనుండి ఎముకను, ధమనిని కలిపి చూపును. కాలిలో లోహపు ముక్కలున్నచో వాని చారలు చిత్రమును చెరచును. మూత్రపిండములు చెడినవారికి అయొడిను మందు విషయమున జాగ్రత్త వలయును. అతిధ్వని పరీక్షలో ఈ చిక్కులు లేవు. కాని వాచిన కాలిపై, కట్లనడుమ, దానిని నడపువాని నేర్పే సర్వస్వము.

రక్తము చిమ్ముచున్నను, పాదము చల్లబడి నాడి బొత్తిగా లేకున్నను స్కానింగు గదికి తీసికొనిపోరాదు. తిన్నగా శస్త్రచికిత్సకే కొనిపోవుదురు. దెబ్బ ఏ చోటనో తేలనప్పుడు ఆ బల్లమీదనే మందెక్కించి ఫోటో తీయుదురు.