తెల్లవారేసరికి హైవే ఎందుకు మాయమవుతుంది?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు ఊరెళ్తున్నారా? జగ్గయ్యపేట, నందిగామ దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఒక్కోసారి తెల్లవారుజామున పొగమంచులో మునిగిపోతుంది. రాత్రంతా చుక్కలు మెరిసిన ఆకాశం కింద ఇంత మంచు ఎలా వచ్చింది?

ఆకాశం తేటగా ఉండటమే కారణం! మబ్బులుంటే నేల వేడిని కొంత తిప్పి పంపేవి. అవి లేకపోతే నేల త్వరగా చల్లారుతుంది, దాన్ని ఆనుకున్న గాలి కూడా. ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమ్మ పడుతుంది కదా? గాలిలోని ఆవిరే అలా బొట్లవుతుంది. ఇక్కడ ఆ బొట్లు సన్నటి దుమ్ము రేణువుల్ని పట్టుకుని గాలిలోనే తేలతాయి. పాలేరు, మునేరు, కృష్ణ, తడి పొలాలు ఉన్న చోట ఆవిరికి కొదవా!

హెడ్‌లైట్ పెంచితే? ఆ వెలుగు బొట్లకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. అందుకే లైటు డిమ్‌లో ఉంచాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. 40 మీటర్లే కనిపిస్తుంటే బ్రేకు వేయడానికి రెండు సెకన్లు కూడా దొరకవు!

ట్రాఫిక్ ఉండదని పెద్దవాళ్లు రాత్రి మూడింటికి బయల్దేరదామంటారు. అలా వెళ్తే సుమారు ఏడింటికి, మంచు చిక్కగా ఉన్నప్పుడే, జగ్గయ్యపేట చేరతారు. ఏడింటికి బయల్దేరమని అడగండి. మీరు వచ్చేలోపు ఎండకు నేల వేడెక్కి, బొట్లు మళ్లీ ఆవిరైపోతాయి.