వరిలో నీటి పొదుపు: చట్టం, విద్యుత్తు, రైతు లెక్క

వరిసాగులో నీటి పొదుపును చట్టం ద్వారా సాధించవచ్చునా అన్న ప్రశ్నకు పంజాబ్ అనుభవం పరిశీలించదగినది. 2009లో ఆ రాష్ట్రం భూగర్భజల సంరక్షణ చట్టం చేసి, మే 10కి ముందు నారు పోయరాదనీ, జూన్ 10కి ముందు నాట్లు వేయరాదనీ నిర్దేశించింది. ఉల్లంఘనకు హెక్టారుకు నెలకు రూ. 10,000 జరిమానా విధించింది. ఉద్దేశం సముచితమైనదే. మండువేసవిలో నాటిన మడి నుండి నీరు అధికంగా ఆవిరవుతుంది. తొలకరికి చేరువగా నాటితే ఆ మేరకు బోర్లపై భారం తగ్గుతుంది. అమలూ సులభమే, నాటిన పొలాన్ని దాచిపెట్టలేరు గదా! అయితే నాట్లతోపాటు కోతలూ వెనుకకు జరిగాయి. గోధుమ విత్తడానికి వ్యవధి కుదించుకుపోగా, యంత్రకోత విడిచిన గడ్డికి నిప్పుపెట్టడం అక్టోబరు చివరి, నవంబరు తొలి వారాలలో కేంద్రీకృతమైంది. గాలి కదలిక మందగించే కాలమూ అదే. పొగకు ఈ చట్టమొక్కటే కారణమనడం న్యాయం కాదు. కంబైన్ హార్వెస్టర్లు, ఉచిత విద్యుత్తు, మద్దతు ధరకు సేకరణ అంతకు ముందునుంచీ ఉన్నవే.

తెలుగు రాష్ట్రాలలో తేదీల చట్టం లేదు; మనం ప్రధానంగా తడి–పొడి విధానాన్ని నమ్ముకున్నాం. రంధ్రాలున్న గొట్టాన్ని మడిలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడే తిరిగి 5 సెం.మీ. నీరు పెట్టడం, పూతదశలో మాత్రం మడిని ఆరనీయకపోవడం ఇందులోని సారాంశం. నీరు ఆదా అవుతుంది, మీథేన్ తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరగవచ్చు, కలుపు మాత్రం తప్పక ఇబ్బంది పెడుతుంది. ఇంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలందరికీ తెలిసినదే. రైతు అడిగేది వేరు: “నీరు మిగిలితే నాకేమి మిగులుతుంది?”

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి అది 24 గంటల సరఫరాగా మారింది. మోటారు ఆపినందువల్ల రైతుకు రూపాయి కూడా ఆదా కాదు. కఠినశిలా ప్రాంతాలలో బోరు ఇచ్చే నీరే పరిమితం కనుక అక్కడ పొదుపుకు అర్థముంది. కాని మిగిలిన నీటితో రైతు మరో అరెకరం నాటుకుంటాడు. అది అతనికి లాభమే, భూగర్భ జలానికి కాదు. ఈ తేడాను మన ప్రదర్శన క్షేత్రాల నివేదికలు సాధారణంగా పట్టించుకోవు. కాలువ కింద సమస్య మరొకటి. తన వంతు నీరు చెప్పిన రోజున వస్తుందన్న నమ్మకం లేని చివరి భూముల రైతు, వచ్చినప్పుడే మడి నిండా పెట్టుకుంటాడు. అతనికి గొట్టం పంచడంకన్నా వంతు తేదీ నిలబెట్టడం ముఖ్యం. కనుక ప్రదర్శనలను ఒక్కొక్క రైతు పొలంలో గాక, ఒక తూము కింది ఆయకట్టు మొత్తానికి నీటిపారుదల సిబ్బందితో కలిసి నిర్వహించడం మేలు.

లెక్క కుదిరినచోట ప్రోత్సాహకాల అవసరమే రాలేదు. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లి, మిగిలిన తేమతోనే పండించడం పాత అలవాటు. దానిని ఎవరూ సంరక్షణ సేద్యమని పిలవలేదు. ఇప్పుడు కోతయంత్రం చక్రాల కింద ఆ మొలకలు నలుగుతున్నందున, కోత తరువాత దున్నకుండా విత్తే యంత్రాలు అవసరమవుతున్నాయి. తేమ ఆరిపోయేలోగా అవి అద్దెకు దొరుకుతాయా అన్నదే అక్కడి రైతుల ప్రశ్న.