బ్యాంక్రప్సీ లాయర్ పని చేయకపోతే, కట్టిన ఫీజు సంగతేమిటి?

మన ఊళ్ళలో ఎవరైనా అప్పులు తీర్చలేక కోర్టుకెక్కితే "ఐపీ పెట్టాడు" అంటారు. ఆ మాట వెనకున్న సిగ్గు మనతోపాటు అమెరికాకీ వచ్చింది. ఉద్యోగం పోయో, ఆస్పత్రి బిల్లులు మీదపడో ఇక్కడ బ్యాంక్రప్సీ వేసినవాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పరు. లాయర్ కేసు పాడుచేసినా నోరు విప్పరు. అలా ఫీజు వదులుకోవలసిన పని లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఎమ్మెస్ రోజుల్లో నా రూమ్మేటైన ఒక మిత్రుడి కేసు కాగితాలు చదువుతూ తెలుసుకున్న సంగతులివి.

అతను చాప్టర్ 7 కేసుకు 1,800 డాలర్లు కట్టాడు. అందులో 800 వాళ్ళ బావగారు నేరుగా లాయర్ పేర రాసిన చెక్కు. కేసు వేయడానికి ముందు 60 రోజుల్లో అందిన జీతం స్లిప్పులు కోర్టుకివ్వాలి. మా వాడు వాటిని లాయర్ ఆఫీసుకు రెండుసార్లు ఈమెయిల్ చేశాడు. ఆఫీసువాళ్ళు దాఖలు చేయలేదు. 45 రోజుల్లో ఇలాంటి కాగితాలు అందకపోతే 46వ రోజున కేసు దానంతటదే పోయినట్టేనని 2005లో సవరించిన చట్టం చెబుతోంది. అలాగే పోయింది. అప్పులవాళ్ళ ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఏడాదిలోపు మళ్ళీ కేసు వేస్తే, అప్పులవాళ్ళ నుంచి కోర్టు ఇచ్చే రక్షణ మామూలుగా 30 రోజులే. పొడిగించాలంటే ఆలోపే జడ్జిని ఒప్పించుకోవాలి. లాయరు మాత్రం "మళ్ళీ వేద్దాం, కొత్తగా ఫీజు కట్టండి" అన్నాడట!

చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఫీజు కోసం వేరే కోర్టులో దావా వేయనక్కర్లేదు. బ్యాంక్రప్సీ చట్టం సెక్షన్ 329 ప్రకారం, కేసు వేయడానికి ముందు ఏడాదిలో ఈ పని నిమిత్తం తాను ఎంత పుచ్చుకున్నాడో, ఎవరి దగ్గర పుచ్చుకున్నాడో లాయరే కోర్టుకు రాసివ్వాలి. దానికి గడువు 14 రోజులు. చేసిన పనికి తగినదానికన్నా ఫీజు ఎక్కువని జడ్జికి అనిపిస్తే, ఆ ఎక్కువ మొత్తాన్ని తిరిగి ఇమ్మనవచ్చు. రూల్ 2017 కింద మనమే మోషన్ వేసుకోవచ్చు, లేదా జడ్జి తనంతట తానే విచారించవచ్చు. కేసు కొట్టేశాక కూడా చాలా కోర్టులు ఈ సంగతి వింటాయి.

అందుకని మొదట చూడవలసింది కోర్టు డాకెట్. మా వృత్తిలో లాగ్ ఫైల్ లాంటిదే ఇది. ఏ కాగితం ఏ తేదీన వచ్చిందో, ఏది రాలేదో అందులో ఉంటుంది. పేసర్ అనే సైట్లో పేజీకి 10 సెంట్లు, ఒక కాగితానికి ఎక్కువలో ఎక్కువ 3 డాలర్లు. మూడు నెలలకు 30 డాలర్లు దాటకపోతే అదీ అడగరు. మా వాడి డాకెట్లో జీతం స్లిప్పులు లేకపోవడం ఎలాగూ తెలుసు. లాయరు రాసిచ్చిన ఫీజు మాత్రం 1,000 డాలర్లే! బావగారి చెక్కు ఊసే లేదు. ఇలా దాచిన ఫీజు విషయంలో జడ్జీలు సాధారణంగా కఠినంగా ఉంటారు.

ఆ ఈమెయిళ్ళు, చెక్కు నకలు, డాకెట్ జతచేసి మోషన్ వేశాడు. పిటిషన్ తయారు చేసినందుకు 500 ఉంచుకుని, 1,300 వెనక్కి ఇమ్మని జడ్జి ఆదేశించారు. మొత్తం ఫీజు రాలేదేమని మా వాడు బాధపడ్డాడు గానీ, ఈ సెక్షన్ కొలిచేది చేసిన పని విలువని. మనకు కలిగిన నష్టాన్ని కాదు.

ఇక్కడో మెలిక ఉంది. వెనక్కి వచ్చిన డబ్బు అన్నిసార్లూ మన చేతికి రాదు. కేసు ఇంకా నడుస్తుంటే, మన జేబులోంచి కట్టిన ఫీజు ట్రస్టీ చేతికి, అంటే అప్పులవాళ్ళకు పంచే సొమ్ములోకి వెళ్ళవచ్చు. వేరేవాళ్ళు తమ సొంత డబ్బు నేరుగా కట్టి ఉంటే అది వాళ్ళకే వెళుతుంది. అందుకే 800 బావగారికి చేరింది. "మనవాడే కదా" అని రసీదు లేకుండా నగదు ఇచ్చే అలవాటు ఇక్కడ ఎంత దెబ్బతీస్తుందో ఊహించుకోండి.

నష్టం కూడా కావాలంటే సెక్షన్ 526 ఉంది. ఎక్కువగా సొంత అవసరాల అప్పులే ఉండి, పెద్దగా ఆస్తి లేనివాళ్ళకు ఇది వర్తిస్తుంది. నిర్లక్ష్యంగా కాగితాలు దాఖలు చేయక కేసు పోగొడితే కట్టిన ఫీజు, జరిగిన నష్టం, దాన్ని రాబట్టడానికి పెట్టుకున్న కొత్త లాయర్ ఖర్చు కూడా అడగవచ్చు. ఇది లాయర్లకు వర్తించదని వాదించినవాళ్ళున్నారు. వర్తిస్తుందని 2010లో మిలావెట్జ్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది.

సొంతంగా మోషన్ వేయడానికి జంకేవాళ్ళు యు.ఎస్. ట్రస్టీ ఆఫీసుకు ఉత్తరం రాయవచ్చు. ఇది జస్టిస్ డిపార్ట్‌మెంట్ కిందిది. అలబామా, నార్త్ కరొలినాల్లో మాత్రం ఆ పని బ్యాంక్రప్సీ అడ్మినిస్ట్రేటర్ చూస్తారు. స్టేట్ బార్ దగ్గర ఫీజు మధ్యవర్తిత్వం ఉంటే అదీ ఒక దారి. కాలిఫోర్నియాలో క్లయింటు కోరితే లాయరు రాక తప్పదు. బార్ల క్లయింట్ ఫండ్ మాత్రం డబ్బు కాజేసిన లాయర్ల బాధితులకే గానీ, నిర్లక్ష్యానికి కాదు.

ఒక మాట. ఇల్లు నిలవలేదనో, ఫలానా అప్పు రద్దు కాలేదనో లాయర్ని తప్పుపట్టలేం. చేయవలసిన పని చేశాడా లేదా అన్నదే ప్రశ్న. మాల్‌ప్రాక్టీస్ దావా వేయాలనుకుంటే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సస్‌లో 2 ఏళ్ళు, న్యూయార్క్‌లో 3 ఏళ్ళు, కాలిఫోర్నియాలో తప్పు తెలిసిన నాటినుంచి మామూలుగా ఒక్క ఏడాదే.