నేల ఉసిరిలోని ఫిల్లాంథిన్: ప్రోటాన్ ఎన్.ఎం.ఆర్. ద్వారా నిర్మాణ నిర్ధారణ

కావలి వంటి నెల్లూరు తీరప్రాంతపు చేలలో, గట్ల వెంట వర్షాల తరువాత మొలిచే నేల ఉసిరి రైతుకు కలుపు మొక్క, మూలికల వ్యాపారికి ముడిసరుకు. దాని నాణ్యతకు సూచికగా తీసుకొనే పదార్థాలలో ఫిల్లాంథిన్ అనే లిగ్నాన్ ముఖ్యమైనది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్. రామచంద్రరావు, సహశాస్త్రవేత్తలు దీని నిర్మాణాన్ని 1966లో టెట్రాహెడ్రాన్ పత్రికలో ప్రకటించారు. వర్ణపటాన్ని చదవడం నేర్చుకొనే విద్యార్థులకు ఇది చక్కని ఉదాహరణ.

అణుసూత్రం

ఫిల్లాంథిన్ అణువులో 24 కార్బన్, 34 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. 24 కార్బన్ల సంతృప్త సమ్మేళనంలో 50 హైడ్రోజన్లు ఉండాలి. కొరత 16, అంటే 8 అసంతృప్త ప్రమాణాలు. వలయానికి 4 చొప్పున రెండు బెంజీన్ వలయాలతో ఈ లెక్క పూర్తవుతుంది. మరొక వలయానికి గాని, కార్బొనైల్ సమూహానికి గాని చోటు లేదు.

వర్ణపటం

శిఖరాల వైశాల్యాల నిష్పత్తి, వాటి స్థానాలు సుమారుగా ఇవి:

6.6–6.8 పి.పి.ఎం.: బెంజీన్ వలయపు ప్రోటాన్లు – 3
3.8: వలయానికి అంటిన మీథాక్సీలు – 6
3.3: పార్శ్వశృంఖలంలోని మీథాక్సీ, ఆక్సిజన్‌కు అంటిన మిథిలీన్ – 5
2.6: వలయానికి అంటిన మిథిలీన్ – 2
2.0: మిథైన్ – 1

మొత్తం 17, అణుసూత్రంలో ఉన్నవి 34. వైశాల్యాలు నిష్పత్తిని మాత్రమే తెలుపుతాయి కనుక ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేయాలి. ఆరు మీథాక్సీలు ఉన్నప్పటికీ మూడు రకాల ఏకశిఖరాలే కనిపించడం వల్ల అణువు రెండు సమాన భాగాలతో ఏర్పడిందని తెలుస్తుంది. వలయ ప్రోటాన్లలో 8, 2 హెర్ట్జ్‌ల విభజనలు 1, 3, 4 స్థానాలలో ప్రతిక్షేపణను సూచిస్తాయి. 2.0 వద్ద ఉన్న మిథైన్‌కు ఒకవైపు వలయపు మిథిలీన్, మరొకవైపు ఆక్సిజన్ మిథిలీన్ ఉంటాయి. మిగిలిన నాలుగో బంధమే రెండు సగాలను కలుపుతుంది.

పరిమితి, ప్రయోజనం

రెండు మిథైన్ కార్బన్ల త్రిమితీయ అమరికను ఈ శిఖరాలు మాత్రమే తేల్చలేవు. అణువులోని రెండు సగాలు పరస్పర ప్రతిబింబాలైతే ధ్రువణ భ్రమణం ఉండదు. ఫిల్లాంథిన్ ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది కనుక ఆ అవకాశం తొలగిపోతుంది.

ఇదే మొక్కలోని హైపోఫిల్లాంథిన్‌లో మిథిలీన్‌డయాక్సీ సమూహం ఉన్నందున 5.6–5.8 మధ్య శిఖరం కనిపిస్తుంది. శుద్ధ ఫిల్లాంథిన్‌గా భావించిన నమూనాలో ఆ శిఖరం ఉంటే, దానిని ప్రమాణ పదార్థంగా వాడేముందు మళ్లీ శుద్ధి చేయాలి. లేనిచో దానితో పోల్చి కొలిచిన ప్రతి మూలిక విలువా తప్పుతుంది.