హెవీ లైసెన్సు: పొందడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు

సండూరు గనుల నుండి ఇనుప ఖనిజం, తోరణగల్లు నుండి ఉక్కు, సిరుగుప్ప నుండి బియ్యం. బళ్ళారి జిల్లా రహదారులపై బరువు మోసే లారీలకు కొదవ లేదు. ఆ లారీల స్టీరింగు పట్టిన వారిలో సరిహద్దు గ్రామాల తెలుగు యువకులు అనేకులు. 2011 జూలై 29న సుప్రీంకోర్టు ఆదేశంతో జిల్లాలో గనుల తవ్వకం నిలిచిపోయినపుడు ఖనిజం లారీలకు పని లేకుండా పోయింది. అటువంటి కాలంలో డ్రైవరుకు మిగిలే ఆస్తి లైసెన్సు ఒక్కటే. అది సక్రమంగా ఉన్నవాడు దేశంలో ఏ దారినైనా బ్రతుకు వెదుక్కొనవచ్చును. గడువు తీరినదైతే ఇంటి ముందున్న బండిని కదిలించుటకు కూడా హక్కు లేదు.

మెట్లు దాటక తప్పదు

పద్దెనిమిదేళ్ళు నిండిన వెంటనే లారీ లైసెన్సు వస్తుందని పలువురి భ్రమ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడుపుటకు 20 ఏళ్ళు నిండి ఉండాలి. అంతకుముందు తేలికపాటి వాహనపు లైసెన్సు పొంది కనీసం ఒక సంవత్సరం గడిచి ఉండాలి. అనగా పద్దెనిమిదవ ఏట కారు లైసెన్సు తీసుకున్న కుర్రవాడు, ఇరవయ్యవ ఏట లారీ కోసం ఎల్.ఎల్.ఆర్. పొందవచ్చును. అది ఆరు నెలలు చెల్లుతుంది. పొందిన 30 రోజుల తరువాతనే అసలు పరీక్షకు హాజరు కావాలి. ఈ మధ్యకాలంలో ప్రక్కన లైసెన్సు గల వ్యక్తి కూర్చొని ఉండాలి, బండికి 'ఎల్' బోర్డు కనిపించాలి.

దరఖాస్తుతో పాటు గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు ఇచ్చే 5వ నమూనా ధ్రువపత్రం, వైద్యుడు సంతకం చేసిన 1-ఎ నమూనా ఆరోగ్య పత్రం జతపరచవలసి ఉంటుంది. తీవ్రమైన వర్ణాంధత గలవారికి, రేచీకటి గలవారికి ఇక్కడే అడ్డంకి ఏర్పడుతుంది. కావున స్కూలుకు రుసుము కట్టుటకు ముందే కళ్ళు చూపించుకొనుట మంచిది.

చదువు విషయంలో ఒక మార్పు గమనించదగినది. పూర్వం ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత తప్పనిసరిగా ఉండేది. 2019లో ఆ నిబంధనను తొలగించారు. అయినను పెట్రోలు, గ్యాసు, ఆమ్లాల వంటి ప్రమాదకర సరుకు మోసే ట్యాంకరు నడుపుటకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, వ్రాయడం రావాలి. ప్రత్యేక శిక్షణ పత్రం కూడా ఉండాలి. ఇంట తెలుగు, కార్యాలయంలో కన్నడం, ట్యాంకరు మీద ఇంగ్లీషు: మూడు లిపులు తెలిసిన కుర్రవాడికి మూడు దారులు తెరచుకుంటాయి.

ఏ బండికి ఏ లైసెన్సు?

చిన్న సరుకు బండ్లు నడిపేవారికి ఊరట కలిగించిన తీర్పు ఒకటి ఉంది. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని సాధారణ తేలికపాటి లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానినే ధ్రువపరచింది. అయితే టిప్పరుకు, పెద్ద లారీకి, ట్యాంకరుకు ఈ వెసులుబాటు లేదు.

ఇద్దరు రాజులు, ఒకే లైసెన్సు

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. నాటి నుండి ఎన్నో కుటుంబాలకు ఇల్లు ఇటు, పొలం అటు. ఈ పరిస్థితిలో కొందరు దళారులు ఒక లైసెన్సు కర్ణాటకలో, మరొకటి ఆంధ్రలో చేయిస్తామని ఆశ చూపుతారు. ఒకటి పోలీసుల చేత చిక్కితే రెండవది ఉంటుందని వారి వాదన. చట్టంలోని 6వ సెక్షను దీనిని స్పష్టంగా నిషేధిస్తుంది. ఒక వ్యక్తికి ఒకే లైసెన్సు. అది దేశమంతటా చెల్లుతుంది గనుక రెండవదానితో పని కూడా లేదు. అధిక రాష్ట్రాల వివరాలు నేడు 'సారథి' అనే ఒకే కంప్యూటరు వ్యవస్థలో చేరి ఉన్నందున దాపరికం ఎంతోకాలం సాగదు.

గడువు తేదీయే గండం

రవాణా లైసెన్సు గడువు పూర్వం మూడేళ్ళు. 2019 సవరణ తరువాత ఐదేళ్ళు అయింది. ప్రమాదకర సరుకు వాహనాలకు మూడేళ్ళే. గడువు తీరుటకు ఏడాది ముందు నుండియే పునరుద్ధరణకు దరఖాస్తు చేయవచ్చును. తీరిన తరువాత ఏడాది దాటితే మరల పరీక్షకు హాజరు కావాలి. పూర్వం గడువు తీరిన పిమ్మట కూడా 30 రోజులు లైసెన్సు చెల్లేది. 2019లో ఆ సౌకర్యం పోయింది. "ఇంకా నెల రోజులుంది" అనే పాత మాట నేడు ప్రమాదకరం.

ఎందుకనగా, నష్టం జరిమానాతో ఆగదు. లైసెన్సు లేక నడిపినందుకు చట్టంలో 5,000 రూపాయల జరిమానా ఉంది. అది చిన్న సంగతి. ప్రమాదం జరిగి, డ్రైవరుకు చెల్లుబాటు లైసెన్సు లేదని, యజమాని జాగ్రత్త వహించలేదని రుజువైతే, బాధితులకు చెల్లించిన పరిహారాన్ని బీమా సంస్థ యజమాని నుండి రాబట్టవచ్చును. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరించింది. అప్పు చేసి కొన్న లారీకి ఇంటివాడే యజమాని, ఇంటి కొడుకే డ్రైవరు అయినచోట ఆ భారం పొలం మీద పడుతుంది.

చేజారకుండుటకు

తాగి నడపడం, అధిక బరువు వేయడం, సరుకు బండిలో మనుషులను ఎక్కించుకోవడం, నడుపుతూ ఫోను మాట్లాడడం వంటివాటికి లైసెన్సును నిలిపివేసే అధికారం ఆర్.టి.ఓ. కార్యాలయానికి ఉంది. అధిక బరువుకు చట్టంలో 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా. బాడుగ యజమానికి, శిక్ష డ్రైవరుకు అన్నట్లు కాకుండా లోడు చీటీ చూసిన తరువాతనే బండి కదిలించాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025లో రద్దయ్యే వరకు రోజుకు ఎనిమిది గంటల పని అనేది. నిద్ర మాని వరుసగా నడిపించే యజమానికి ఈ మాట గుర్తు చేయుట తప్పు కాదు.

ప్రమాదం జరిగితే పారిపోరాదు. గుంపు దాడి చేసే భయం వంటి గట్టి కారణం ఉంటే తప్ప, క్షతగాత్రులను వైద్యానికి చేర్చాలి. 24 గంటలలోగా పోలీసు స్టేషనులో తెలియజేయాలి. బీమా సంస్థకు కూడా సమాచారం ఇవ్వాలి.

చివరిగా ఇంట ఉన్నవారు చేయగలిగిన పని ఒకటుంది. డ్రైవరు నెలల తరబడి దారిలో ఉంటాడు, తేదీలు అతనికి గుర్తుండవు. లైసెన్సు జిరాక్సు ఒకటి ఇంట ఉంచి, గోడ మీది క్యాలెండరులో గడువు తేదీని ఆరు నెలల ముందే గుర్తు పెట్టవలసినది భార్య, తల్లి లేదా బడికి వెళ్ళే పిల్లలు. పునరుద్ధరణకు లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికే రావలసిన పని లేదు, ఏ లైసెన్సు అధికారి వద్దనైనా దరఖాస్తు చేయవచ్చునని చట్టం చెబుతుంది. కనుక ఇంటి నుండి ఒక ఫోను కాలు వెళితే చాలు, దూరదేశంలో ఉన్న డ్రైవరు మేలుకుంటాడు. ఆ ఒక్క కాలు ఒక కుటుంబపు పొలాన్ని కాపాడగలదు.