మీకు తెలుసా? మదీరాలో కాలువ గట్టే కొండదారి

అట్లాంటిక్ మహాసముద్రంలోని పోర్చుగల్ దీవి మదీరాలో పేరున్న కొండదారుల్లో ఎన్నో సాగునీటి కాలువల గట్లే. ఈ కాలువల్ని అక్కడ ‘లెవాడా’లంటారు. దీవి ఉత్తరాన వానలెక్కువ. చెరకు, అరటి పండే దక్షిణాన తక్కువ. అందుకే 15వ శతాబ్దం నుంచే కొండరాయి తొలిచి నీళ్లను అటు మళ్లించుకున్నారు. నీరు నెమ్మదిగా పారేలా వాలు తక్కువగా పెట్టారు కాబట్టి గట్టు మీద నడిస్తే పెద్దగా ఆయాసం రాదు. అలాగని ఏమరపాటు పనికిరాదు. ఒక పక్క కాలువ, మరో పక్క లోయ. కొన్నిచోట్ల ఒక్క మనిషి పట్టేంతే జాగా. ఎదురొచ్చేవాళ్లకు కొండకు ఒదిగి దారివ్వాలి. కాల్దెయిరావ్ వెర్దె జలపాతం దారిలో చీకటి సొరంగాలుంటాయి, టార్చి తప్పనిసరి.

ఈ దారుల చుట్టూ ఉన్న లారెల్ అడవి 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విస్తీర్ణం సుమారు 15,000 హెక్టార్లు. దీని గొప్పతనం పచ్చదనం ఒక్కటే కాదు: చెట్ల ఆకులు పొగమంచును పట్టి, బొట్లుబొట్లుగా నేలకు దించుతాయి. ఆ తేమ ఊటలకు చేరుతుంది, ఊటలు కాలువల్ని నింపుతాయి. రాలిన ఆకులు తీసి, వంతుల ప్రకారం తోటలకు నీరు వదిలే మనిషి ‘లెవదైరు’. మన ఊళ్లలో నీరుగంటి చేసే పనే. ఈ నీరే తోటలకు పోతుంది కాబట్టి నడిచేవాళ్లు కాలువలో చెత్త వేయకూడదు.