141 నుంచి 6కి: శ్రీలంక పసిబిడ్డల లెక్క

1946లో సిలోన్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 141 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయారు. అదే దేశంలో, ఇప్పటి శ్రీలంకలో, ఆ సంఖ్య 6 దగ్గర ఉంది. దీన్నే శిశు మరణాల రేటు అంటారు. 2020లో అది భారత్‌లో 28, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. శ్రీలంక సంపన్న దేశమేమీ కాదు. అక్కడ పసిబిడ్డలను బతికించినదేమిటో నాలుగు అంకెల్లో చూద్దాం.

263: జ్వరం మింగిన ఏడాది

1934-35లో మలేరియా ఆ ద్వీపాన్ని ఊడ్చేసింది. 1935లో శిశు మరణాల రేటు 263కి చేరింది. అంటే నలుగురు బిడ్డల్లో ఒకరు. గర్భిణికి మలేరియా సోకితే రక్తం తగ్గిపోతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. 1946లో దేశమంతటా డీడీటీ చల్లడం మొదలైంది. 1947 నాటికి రేటు 101కి దిగింది. ఒక్క ఏడాదిలో వెయ్యికి 40 ప్రాణాలు దక్కాయి. ఘనతంతా మందుదే కాదు. ఊరూరా ఆసుపత్రులు తెరవడం, చౌక ధరకు బియ్యం ఇవ్వడం కూడా ఆ కాలంలోనే సాగాయి.

3,000: ఒక మిడ్‌వైఫ్‌కు అప్పగించిన జనం

1926లో కలుతరలో మొదటి ఆరోగ్య యూనిట్ మొదలైంది. ఆ పద్ధతే దేశమంతా పాకింది. మన ఏఎన్‌ఎం లాంటి మిడ్‌వైఫ్ ఒక్కొక్కరికీ సుమారు 3,000 మంది బాధ్యత. తన పరిధిలో ఎవరు నెల తప్పారో ఆమెకు తెలుసు. ఇంటికే వెళ్లి చూస్తుంది, కాన్పుకు ఆసుపత్రికి పంపుతుంది, బాలింత ఇంటికి రాగానే మళ్లీ గడప తొక్కుతుంది. ఇప్పుడు అక్కడ దాదాపు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే.

ఆ తొలి రోజులే కీలకం. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మంది బిడ్డలు నెల నిండకుండానే చనిపోయారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు ప్రధాన కారణాలు. బిడ్డను తల్లి ఒంటికి హత్తుకుని వెచ్చగా ఉంచడం, గంటలోపే పాలు పట్టడం, పాలు తాగని బిడ్డను వెంటనే గుర్తించడం: వీటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, తెలిసిన మనిషి దగ్గర ఉండాలి.

1945: ఆడపిల్ల చేతికి పలక

ఆ ఏడాది నాటి విద్యా మంత్రి కన్నంగర చొరవతో ఉచిత విద్య వచ్చింది. చదువుకున్న అమ్మాయికి పెళ్లి ఆలస్యమవుతుంది, కాన్పుకూ కాన్పుకూ ఎడం పెరుగుతుంది. టీకా కార్డు చదవగలదు, డాక్టరును ప్రశ్నించగలదు. 1931 నుంచే ఆడవాళ్లకు ఓటు ఉండటంతో బడి, ఆసుపత్రి అడిగే గొంతు కూడా వాళ్లకుంది.

1974: సగటు దాచిన చోటు

ఆ ఏడాది తిండి గింజలు కరవై రేషన్ తగ్గింది. దిగుతూ వచ్చిన రేటు మళ్లీ పెరిగింది. ఎక్కువ దెబ్బ తిన్నది తేయాకు తోటల్లోని తమిళ కూలీల బిడ్డలు. తోటలను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక, ఆరోగ్య సేవలు అక్కడికీ చేరాక ఆ మరణాలు తగ్గుతూ వచ్చాయి.

ఇప్పుడు మన లెక్క. భారత్‌లో ఏటా సుమారు 2.3 కోట్ల మంది పుడతారు. 2020 నాటి 28కి, 6కి మధ్య తేడా 22. ఆ లెక్కన శ్రీలంక స్థాయికి చేరితే ఏడాదికి దాదాపు 5 లక్షల మంది బిడ్డలు బతుకుతారు. మన దేశంలోనే కేరళ 2020లో 6కి చేరి చూపించింది. మనకు దారి తెలియక కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి జిల్లా కొండల్లో నిండు చూలాలిని ఇంకా డోలీలో మోసుకొస్తున్నాం. రాష్ట్ర సగటు 24 అన్నప్పుడు ఆ డోలీలోని బిడ్డ సంగతి విడిగా అడగాలి. శ్రీలంకకు తేయాకు తోటలు నేర్పిన పాఠం అదే.